జోర్ కాదు బేటా, వజన్

చెన్నైలో నా నౌకరీ అంతా కుర్చీలోనే. పొద్దున తొమ్మిదికి కంప్యూటర్ ముందు కూర్చుంటే ఏ మగ్రిబ్ వేళకో లేవడం. ఆరు నెలల కింద మెడ నుంచి కుడి రెక్క దాకా దర్ద్ మొదలైంది. ఎవరైనా పక్కనుంచి పిలిస్తే తల తిప్పలేక మనిషి మొత్తం తిరగాల్సి వచ్చేది. గోలీలు మింగాను. దిండు మార్చాను. చివరికి ఆఫీసు దోస్తు ఒకడు జబర్దస్తీగా ఒక స్పాకి లాక్కుపోయాడు.

లోపల ఏసీ, మంచి ఖుష్బూ, ఎక్కడినుంచో నీళ్లు పారుతున్న చప్పుడు. కౌంటర్ దగ్గరి అమ్మాయి నవ్వుతూ ఒక కార్డు చేతికిచ్చింది. హోటల్లో బిర్యానీ రకాలు రాసినట్టు రాసుంది అందులో. స్వీడిష్, డీప్ టిష్యూ, స్పోర్ట్స్ రికవరీ, హాట్ స్టోన్, ఫుట్ రిఫ్లెక్సాలజీ. గంటకు 2,200 రూపాయలు.

ముందు నవ్వొచ్చింది. నవ్వు వెనకాలే శరం వచ్చింది. ఆ కార్డులో ఉన్నవాటిలో చాలావరకు మా అబ్బా మా ఇంటి వరండాలో ఈతచాప మీద చేసేవాడు. పది రూపాయలకు. పది లేకపోతే నాలుగు కానాగంతలకు.

నాకు మాలిష్ చేసిన కుర్రాడిది మిజోరం. హిందీ కొంచెం, తమిళం కొంచెం. చెయ్యి మాత్రం మంచి చెయ్యి. నొప్పి ఎక్కడుందో నేను చెప్పకముందే వాడి వేలు అక్కడికి పోయి ఆగింది. గంట తర్వాత లేచి కూర్చున్నాక చూశాను. వాడి కుడి బొటనవేలి మొదట్లో చర్మం రంగు టేపు చుట్టుంది.

"నొప్పా?" అన్నాను.

"రోజుకు ఆరుగురు సార్," అన్నాడు.

"మరి నీకెవరు చేస్తారు మాలిష్?"

సవాల్ అర్థం కానట్టు చూశాడు. తర్వాత నవ్వి తువ్వాళ్లు మడుచుకుంటూ పోయాడు.

ఆ రాత్రి మెడ తేలికైంది కానీ నిద్ర పట్టలేదు. అబ్బా కుడి బొటనవేలు కూడా మొదట్లో ఉబ్బి, పక్కకు వంగి ఉంటుంది. నాకు ఊహ వచ్చినప్పటి నుంచి మెల్లమెల్లగా వంగుతూనే ఉంది. నాకు నలభై ఏళ్లొచ్చాయి. అది ఎందుకలా అయిందని ఒక్కసారి కూడా అడగలేదు.

*

నెల్లూరు నుంచి మైపాడు సముద్రానికి పోయే దారిలో మాదొక చిన్న వూరు. పది పన్నెండు తురక ఇళ్లు, ఒక మసీదు, చుట్టూ వరి. ఇంకొంచెం ముందుకు పోతే రొయ్యల గుంటలు, ఆ తర్వాత సరుగుడు తోటలు, ఆ తర్వాత ఇసక. గాలి తూర్పు నుంచి తోలితే మా ఇంట్లో ఉప్పు వాసన వచ్చేది.

మా దాదా నెల్లూరు తాలీంఖానాలో పహిల్వాన్. కుస్తీ నేర్చుకునేవాడికి మాలిష్ కూడా చదువులో సగం. పెద్ద పహిల్వాన్లకు షాగిర్దులు ఒళ్లు పట్టాలి, అలా పడుతూ పడుతూ మనిషి బదన్‌లో ఏ కండ ఎక్కడ పుట్టి ఎక్కడ కలుస్తుందో వేళ్లతోనే చదువుకోవాలి. దాదా దగ్గర అబ్బా అలా నేర్చుకున్నాడు. అబ్బా కాలానికి కుస్తీలు పోయాయి, హునర్ మాత్రం చేతుల్లో మిగిలింది. పగలు బియ్యం మిల్లులో కాటా దగ్గర పని. అసర్ నమాజ్ అయ్యాక వరండాలో చాప.

వచ్చేవాళ్లలో ఎక్కువమంది సముద్రం మీద బతికేవాళ్లు. పట్టపుపాలేల నుంచి సైకిళ్ల మీద వచ్చేవాళ్లు. బోటును ఇసక మీద నుంచి భుజాలతో నీళ్లలోకి నెట్టాలి. అలల్లో నిలబడి వల చేత్తో లాగాలి. వల బరువు, నీళ్ల బరువు, చేప పడితే దాని బరువు. అంతా రెక్కల మీద, నడుము మీద పడుతుంది. తర్వాత్తర్వాత రొయ్యల గుంటల కూలీలు కూడా వచ్చేవాళ్లు. రాత్రంతా మోకాళ్ల లోతు నీళ్లలో వంగి రొయ్యలు పట్టి, పొద్దున నడుము ఎత్తలేక.

"సాయిబన్నా, రెక్క పనిచెయ్యట్లా. జర చూడు," అంటూ వచ్చి చొక్కా విప్పి చాప మీద బోర్లా పడుకునేవాళ్లు. అబ్బా నూనె గిన్నె వేడినీళ్లలో పెట్టేవాడు. నువ్వుల నూనె, అందులో వాము, వెల్లుల్లి వేసి కాచి, దించాక కర్పూరం కలిపేవాడు. "బిస్మిల్లా" అని రెండు అరచేతులూ రుద్దుకుని, వీపు మీద పెట్టి ఊరికే కొంచెం సేపు ఉంచేవాడు. ఏమీ చేసేవాడు కాదు. చిన్నప్పుడు నాకది టైం వేస్ట్ అనిపించేది. ఇప్పుడు తెలుస్తోంది, అది ఇజాజత్ అడగడం. ఒళ్లు ఒప్పుకున్నాకే చెయ్యి కదలాలి.

ఆ చెయ్యి కదలికలకు అబ్బా దగ్గర పేర్లున్నాయి. ముందు సహ్‌లానా, అంటే నూనెతో పొడుగ్గా నిమరడం. తర్వాత గూంద్నా, పిండి పిసికినట్టు పిసకడం. తర్వాత దబావ్, ఒకేచోట వేలో మోచెయ్యో పెట్టి అదమడం. చివరికి థప్‌థపీ, అరచేతుల అంచులతో తట్టడం. స్పా నుంచి వచ్చాక స్వీడిష్ మసాజ్ గురించి చదివితే అందులోనూ ఇవే ఉన్నాయి, ఫ్రెంచి పేర్లతో. పిసకడాన్ని వాళ్లు పెత్రిసాజ్ అంటారు. ఆ మాట పుట్టింది కూడా పిండి పిసకడం అనే ఫ్రెంచి మాట నుంచే. యూరప్ వాడికీ మా అబ్బాకీ ఒకే ఖయాల్ వచ్చింది. రొట్టె ఎక్కడైనా రొట్టే కదా.

డీప్ టిష్యూ అంటే ఏందో కూడా చదివాను. పైపైన కాకుండా లోపలి కండ దాకా నిదానంగా, బరువుగా పోవడం. వల లాగేవాళ్ల రెక్కల కింద అబ్బా మోచేత్తో చేసేది అదే. వేడి రాళ్లు మాత్రం మా ఇంట్లో లేవు. అమ్మీ రాళ్లుప్పు పెనం మీద వేయించి, గుడ్డలో మూట కట్టి ఇచ్చేది, కాపడం పెట్టడానికి. ఆడవాళ్లు వస్తే లోపలి గదిలో అమ్మీయే చూసేది. బాలింతలకు నలభై రోజుల చిల్లా పూర్తయ్యేదాకా అమ్మీ చేతి మాలిష్, పసిబిడ్డలకు కాళ్ల మీద పడుకోబెట్టుకుని నూనె. ఆమెకెవరూ డబ్బులు ఇచ్చింది కూడా నేను చూడలేదు. చీరో రవికెగుడ్డో ఇచ్చేవాళ్లు.

*

ఏడాదిలో అబ్బాకి గిరాకీ ఎప్పుడో తెలుసా? వేట నిషేధం ముగిసిన మూడో రోజు.

మా తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరబోట్లు సముద్రంలోకి పోకూడదు. చేపలు గుడ్లు పెట్టే కాలం. నేను కాలేజీలో ఉన్నప్పుడు ఈ నిషేధం ఇంకా తక్కువ రోజులుండేది. ఆ రోజుల్లో మనుషులు వలలు అల్లుకుంటారు, బోట్లు బాగుచేసుకుంటారు, ఖాళీగా ఉంటారు. ఒళ్లు మెత్తబడుతుంది. నిషేధం అయిపోగానే మొదటి రోజే జోష్‌తో పోయి మునుపటిలాగే వల లాగుతారు. ఆ రోజు ఏమీ తెలీదు. మర్నాడు పొద్దున పట్టేసినట్టు ఉంటుంది. మూడో రోజు చొక్కా తొడుక్కోవడానికి చెయ్యి లేవదు. మా వరండా నిండిపోయేది.

"మొదటి రోజు రానోళ్లు మూడో రోజు ఎందుకొస్తారు అబ్బా?" అని అడిగాను చిన్నప్పుడు.

"బదన్ కూడా మనలాగే బేటా. దెబ్బ తగిలిన రోజు ఓర్చుకుంటుంది. రెండో రోజు ఫిర్యాదు చేస్తుంది," అన్నాడు.

ఇప్పుడు డాక్టర్లు చెప్పేది దీనికి దగ్గరగానే ఉంది. అలవాటు లేని పని చేస్తే కండరాల పోగుల్లో కంటికి కనపడనంత సన్నటి చీలికలు వస్తాయి. వాటిని ఒళ్లు బాగుచేసుకునే క్రమంలో నొప్పి పుడుతుంది. ఒక రోజు నుంచి మూడు రోజుల మధ్య అది ఎక్కువగా ఉంటుంది. లాక్టిక్ ఆసిడ్ పేరుకుపోవడం వల్ల ఈ నొప్పి అని చాలామంది అంటారు కానీ అది పని ఆపిన గంటా గంటన్నరలోనే చాలావరకు పోతుంది. మూడో రోజు దాకా ఉండదు. మరి మాలిష్ ఏం చేస్తుంది? చీలికను అతికించదు. బలాన్ని ఒక్కరోజులో తిరిగి తేదు. నొప్పిని కొంచెం తగ్గిస్తుంది, బిగుసుకున్న కీలు కొంచెం ఎక్కువ తిరిగేలా చేస్తుంది. అంతే. అబ్బా కూడా అంతకు మించి ఎప్పుడూ వాదా చెయ్యలేదు. "నిద్ర పడుతుంది పో. నిద్రే షిఫా. నేను నిద్రకు రాస్తా వేసేవాణ్ణి, అంతే," అనేవాడు.

ఇబ్నె సీనా పేరు మీరు వినే ఉంటారు. 980లో పుట్టి 1037లో పోయిన హకీం. ఆయన అల్ ఖానూన్ ఫిత్తిబ్ అనే కితాబ్‌లో మాలిష్ గురించి ప్రత్యేకంగా రాశాడు. దలక్ అంటాడు. గట్టి దలక్ ఒళ్లును బిగిస్తుంది, మెత్తటిది వదులు చేస్తుంది, ఎక్కువసేపు చేస్తే ఒళ్లు తగ్గిస్తుంది, మధ్యస్తంగా చేస్తే కండ పెంచుతుంది అని లెక్క కట్టాడు. అంతకన్నా నాకు హైరత్ కలిగించింది ఇంకొకటి. కసరత్తుకు ముందు చేసే దలక్ వేరు, తర్వాత చేసేది వేరు అంటాడు. ముందుది ఒంటిని తయారుచేయడానికి. తర్వాతది పోయినదాన్ని తిరిగి తేవడానికి. ఆ రెండో దానికి ఆయన పెట్టిన పేరు దలక్ ఎ ఇస్తిర్దాద్. ఈనాటి స్పా కార్డులో రికవరీ అని రాసింది అదే మాట, వెయ్యేళ్ల తర్వాత.

అబ్బా ఇబ్నె సీనాను చదవలేదు. కానీ రాత్రి వేటకు పోయేవాడు వస్తే నూనె పెద్దగా వాడకుండా గబగబా రుద్ది, తట్టి, పది నిమిషాల్లో పంపేసేవాడు. వేట నుంచి వచ్చినవాడికి నిదానంగా, నూనెతో, ముప్పావు గంట. ఈ విద్యను కర్నూలులో డాక్టర్ అబ్దుల్ హక్ యునానీ కాలేజీలో, హైదరాబాద్ చార్మినార్ పక్కన నిజామియా తిబ్బీ కాలేజీలో ఇలాజ్ బిత్ తద్బీర్ అనే పేరుతో ఇప్పటికీ డాక్టర్ చదువులో భాగంగా చెప్తారు. మా వరండాలో దానికి పేరు లేదు.

*

పేరు లేకపోతే ఫర్వాలేదు. చెడ్డ పేరు వచ్చింది.

బళ్లో నన్ను "మాలిష్‌గాడి కొడుకు" అనేవాళ్లు. నేను అబ్బాతో సైకిల్ మీద నెల్లూరు పోవడం మానేశాను. ఇంటికి ఎవరైనా దోస్తు వస్తానంటే అసర్ లోపల రమ్మనేవాణ్ణి, చాప పరవకముందే.

ఆపాకి నెల్లూరు నుంచి ఒక రిష్తా వచ్చింది. అబ్బాయి మంచివాడు, దుకాణం ఉంది. ఇంటికొచ్చి సేమియా తాగి, ఆపాని చూసి ఖుష్ అయ్యారు. వారం తర్వాత కబురొచ్చింది. పిల్ల అచ్ఛీ హై, మగర్ బాప్ పరాయోళ్ల ఒళ్లు పిసుకుతాడంట కదా, మా బిరాదరీలో ముఖం ఎట్లా చూపించేది, అని. కబురు తెచ్చిన ఖాలా గుసగుసగా చెప్పింది కానీ అబ్బా గడప దగ్గరే నిలబడున్నాడు. ఏమీ అనలేదు. ఆ సాయంత్రం కూడా చాప పరిచాడు. ఆరోజు వచ్చినతనికి ఎంతసేపు చేశాడంటే, ఆయనే "చాల్లే సాయిబన్నా, ఇషా అయిపోయింది గదా," అని లేచాడు.

ఆపాకి తర్వాత కావలిలో పెళ్లయింది. బాగుంది. కానీ ఆ కబురు మా ఇంట్లోనే ఉండిపోయింది.

ఇంజనీరింగ్ కాలేజీ దరఖాస్తులో తండ్రి వృత్తి అనే చోట నేను "వ్యాపారం" అని రాశాను. సంతకం కోసం అబ్బా ముందు పెట్టాను. కళ్లద్దాలు పెట్టుకుని మొత్తం చదివాడు. వేలు ఆ మాట మీద పెట్టి అడిగాడు.

"ఏం వ్యాపారం రా?"

నేను తల దించుకున్నాను. సంతకం పెట్టి కాగితం నా చేతికిచ్చాడు. మళ్లీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. ఎత్తి ఉంటే బాగుండేది. తిట్టి ఉంటే ఇంకా బాగుండేది.

చెన్నై వచ్చిన కొత్తలో ఒక కితాబ్‌లో షేక్ దీన్ మహమ్మద్ గురించి చదివాను. 1759లో పట్నాలో పుట్టాడు. ఈస్టిండియా కంపెనీ ఫౌజ్‌లో పనిచేసి, 1784లో ఐర్లండ్ పోయాడు. ఇంగ్లీషులో కితాబ్ అచ్చువేసిన మొదటి హిందుస్తానీ ఆయనే, 1794లో. 1810లో లండన్‌లో హిందుస్తానీ హోటల్ పెట్టి దివాలా తీశాడు. ఆ తర్వాత 1814లో బ్రైటన్ అనే సముద్రపు ఒడ్డు పట్నంలో ఆవిరి స్నానం, మాలిష్ మొదలుపెట్టాడు. ఆయన పెట్టిన పేరు షాంపూయింగ్. చాంపో, అంటే ఒత్తు అనే మన మాటే. మన చంపీ కూడా అక్కడిదే. ఇద్దరు ఇంగ్లండ్ బాద్‌షాలు, నాలుగో జార్జ్, నాలుగో విలియం, ఆయన్ని తమ షాంపూయింగ్ సర్జన్‌గా పెట్టుకున్నారు. మనం తలకు రుద్దుకునే షాంపూ మాట ఆ మాలిష్‌లోంచే వచ్చింది.

ఉండబట్టలేక ఇంటికి ఫోన్ చేసి అబ్బాకి చెప్పాను. ఒక ముసల్మాన్, మాలిష్ చేసి, బాద్‌షాల దర్బార్‌లో ఇజ్జత్ సంపాదించాడు అని. అంతా విని అబ్బా అడిగింది ఒకటే.

"అంగ్రేజ్ బాద్‌షా ఎంత ఇచ్చేవాడంట రా?"

ఇద్దరం నవ్వుకున్నాం. కానీ ఆ ఫోన్‌లో నేను అడగాల్సిన మాఫీ అడగలేదు. దీన్ మహమ్మద్‌ను అడ్డం పెట్టుకుని ఊరుకున్నాను.

*

అబ్బా హునర్ గురించి ఒక్క సంగతి చెప్పకపోతే ఈ మాటలన్నీ అధూరా. అది ఆయన చేసిన మాలిష్ కాదు. చెయ్యనన్న మాలిష్.

ఒకతను కాలు విరిగి, కట్టు వేయించుకుని, నెలన్నర మంచం మీదున్నాడు. మా వైపు ఎముక విరిగితే పెద్దాసుపత్రికన్నా పోతారు, చిత్తూరు వైపు పుత్తూరు కట్టుకన్నా పోతారు. కట్టు విప్పాక పిక్క వాచిందని, మాలిష్ చేస్తే తగ్గుతుందని అతన్ని అన్నదమ్ములు ఆటోలో మా ఇంటికి తెచ్చారు. అబ్బా రెండు పిక్కల మీదా చేతులు పెట్టి చూశాడు. ఒకటి చల్లగా ఉంది, ఒకటి వేడిగా, బిర్రుగా ఉంది. చేతులు తీసేశాడు.

"ఇది నా పని కాదబ్బయా. ఇప్పుడే నెల్లూరు పోండి. ఆసుపత్రికి."

"ఇంత దూరం తెచ్చినాం గదా సాయిబన్నా. కొంచెం నూనె రుద్దు. డబ్బులు ఎక్కువ తీసుకో," అన్నారు. అబ్బా ఒప్పుకోలేదు. వాళ్లకు కోపమొచ్చింది. తురకోడికి గర్వం ఎక్కువైంది అనుకుంటూ పోయారు. నెల్లూరులో డాక్టర్ పరీక్ష చేసి, పిక్క లోపల నరంలో రక్తం గడ్డకట్టింది అన్నాడంట. ఎవరైనా పిసికి ఉంటే ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రాణం పోయేదంట. నెల తర్వాత అతను తన కాళ్ల మీద నడిచి వచ్చాడు, బుట్టెడు చేపలతో. ఇప్పటికీ ప్రతి జూన్‌లో వస్తాడు.

అబ్బా ఉసూళ్లు ఇవి, ఎవరికైనా పనికొస్తాయి. జ్వరం ఉంటే చెయ్యి పెట్టకూడదు. ఒక్క కాలే వాచి వేడిగా ఉంటే పెట్టకూడదు. కొత్తగా బెణికి వాచినచోట పిసక్కూడదు, ముందు తడిగుడ్డ వేసి ఆరామ్ ఇవ్వాలి. వెన్నుపూస మీద అదమకూడదు, దాని రెండు పక్కల కండ మీదే. మెడ పట్టి టక్కున తిప్పడం అసలే వద్దు. తిన్న వెంటనే చెయ్యకూడదు. వేలు కింద మనిషి ఊపిరి బిగబడితే అక్కడ ఆగాలి. "దర్ద్ తగ్గించడానికి వచ్చినోడికి దర్ద్ పెట్టి పంపితే మన మేహనత్ హరామ్," అనేవాడు.

*

స్పాకి పోయిన నెలకు, మొన్న జూన్‌లో, ఇంటికి పోయాను. వేట మొదలై నాలుగో రోజు. అబ్బాకి డెబ్బై దాటాయి. మిల్లు పని ఎప్పుడో మానేశాడు. చాప మాత్రం పరిచే ఉంది. ఒక కుర్రాడి వీపు మీద అబ్బా మోచెయ్యి, ముంజెయ్యి వాడుతున్నాడు. బొటనవేలు ముడుచుకుని పక్కన పెట్టుకున్నాడు, దెబ్బ తగిలిన పిట్ట రెక్కలాగా.

మర్నాడు నెల్లూరు తీసుకుపోయి డాక్టర్‌కు చూపించాను. ఎక్స్‌రే తీశాడు. బొటనవేలి మొదట్లో కీలు అరిగిపోయింది, అందులో మెత్తటి ఎముక మిగల్లేదు అన్నాడు. ఏళ్ల తరబడి చేతులతో ఒత్తే పని చేసేవాళ్లకు, బట్టలు పిండేవాళ్లకు ఇలా వస్తుందంట. పట్టీ ఇచ్చాడు, వేడి కాపడం పెట్టమన్నాడు, పని తగ్గించమన్నాడు. అబ్బా తల ఊపాడు. బయటికొచ్చాక అన్నాడు, "ఇరవై ఏళ్లుగా నొప్పే రా. కొత్తది కాదు."

ఇరవై ఏళ్లు. నేను కాగితం మీద వ్యాపారం అని రాసిన రోజుల నుంచి.

ఆ రాత్రి ఇషా తర్వాత వరండాలో కూర్చున్నాం. నేను నూనె గిన్నె వేడిచేసి తెచ్చి, అబ్బా చెయ్యి పట్టుకోబోయాను. చప్పున వెనక్కి లాక్కున్నాడు.

"క్యా రే, నక్కో."

"కొంచెంసేపే అబ్బా."

"నాకెందుకు? నేనేమన్నా వల లాగినానా?"

అప్పుడు అర్థమైంది. ఆయనకు సిగ్గు. ఇన్నేళ్లుగా ఎన్ని వందల వీపులు తాకాడో, ఆయన చెయ్యి ఎవరూ పట్టుకుని కూర్చోలేదు. తీసుకోవడం ఆయనకు చేతకాదు. ఇవ్వడం ఒక్కటే వచ్చు. అమ్మీ గడప దగ్గర నుంచి చూస్తూ ఉంది, ఏమీ అనలేదు.

నేను ఇంకో దారి వెతుక్కున్నాను.

"నాకు నేర్పించు అబ్బా. నీ చెయ్యి మీదే నేర్పించు."

కాసేపు నా ముఖంలోకి చూశాడు. హాస్యమాడుతున్నానా అని చూశాడేమో. తర్వాత చెయ్యి చాపాడు. ఉస్తాద్ చెయ్యి చాపినట్టు చాపాడు, మరీజ్ చాపినట్టు కాదు.

అరచేతి మధ్యలో నా రెండు బొటనవేళ్లూ పెట్టి ఒత్తాను. వెంటనే అన్నాడు.

"జోర్ నక్కో బేటా. వజన్ దే. వేలితో ఒత్తితే నీ వేలు పోతుంది. భుజం ముందుకు వంచి ఒంటి బరువు దించు. జోర్ నీది, ఖర్చైపోతుంది. వజన్ అల్లా ఇచ్చింది, తరగదు."

"మరి నీ వేలెట్లా పోయింది?"

నవ్వాడు. "గిరాకీ ఎక్కువున్నప్పుడు నేనూ తొందరపడ్డా. ఆపా పెళ్లి, నీ ఫీజులు. వజన్‌కు టైం పడుతుంది. జోర్ జల్దీ అయిపోతుంది."

ఇంక నేనేమీ మాట్లాడలేదు. మాట్లాడితే గొంతు పట్టేస్తుంది. భుజం ముందుకు వంచి బరువు దించాను. అరచెయ్యి ఎంత గట్టిగా ఉందంటే ఎండిన తోలులాగా. మెల్లగా బొటనవేలి మొదటి కండ దగ్గరికి వచ్చాను, కీలు మీద కాదు, పక్కనే. "హాఁ, వహీఁ," అన్నాడు. కళ్లు మూసుకున్నాడు. మధ్యమధ్య తప్పులు దిద్దుతూనే ఉన్నాడు. నూనె ఎక్కువ. గోరు తగులుతోంది. ఊపిరి బిగబట్టావు, వదులు. తర్వాత దిద్దడం తగ్గింది. సముద్రం వైపు నుంచి గాలి వచ్చింది. ఎక్కడో బోటు ఇంజన్ చప్పుడు.

"అబ్బా, ఆ కాలేజీ కాగితం మీద..." అన్నాను.

కళ్లు తెరవలేదు. "యాద్ హై," అన్నాడు. కొంచెంసేపాగి, "చెయ్యి ఆపకు," అన్నాడు.

ఆపలేదు. అమ్మీ వేయించిన ఉప్పుమూట తెచ్చి నా పక్కన పెట్టి పోయింది. అబ్బా ఊపిరి నిదానమైంది. నిద్రపోయాడేమో అనుకుని చెయ్యి మెల్లగా ఆయన ఒళ్లో పెట్టి లేవబోయాను.

"రేపు ఎడమ చెయ్యి," అన్నాడు కళ్లు మూసుకునే. "సగం నేర్చుకుని పోవద్దు."